చెయ్యి కలిపే ఆదివారం

జూన్ 9, సోమవారం

నాకు కోపం లేదు. ముందు ఆ మాట రాసేసుకుంటే మిగతాది స్థిమితంగా రాసుకోవచ్చు.

ఈ రోజు పిట్టను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన తన చెల్లెల్ని చిన్నప్పటి నుంచీ పిట్ట అనే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది. డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. పిట్టే లేచి ఎడమచెయ్యి ఎత్తింది. కుడిచేతికి వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది.

ఇంట్లో నేను గొంతు పెంచితే మా ఆయన లేచి కిటికీలు వేస్తారు. చర్చిలో గొంతు పెంచితే ఎవరో ఒకరు ప్రార్థన మొదలుపెడతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మేం పనిచేసే లాండ్రీలో వెనకాల నన్ను ప్రెషర్ కుక్కర్ అంటారని నాకు తెలుసు. అననీ. కుక్కర్ కూత వేస్తుంది కాబట్టే పేలకుండా ఉంటుంది.

గురువారం జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. లేకపోతే రేపు నా జ్ఞాపకాన్ని కూడా ఎవరైనా ఇస్త్రీ చేసి మడతపెట్టేస్తారు.

ఉతికిన దుప్పట్లని మేం ఇస్త్రీ చేసే రోలరులోకి అందిస్తాం. అది కాలుతూ తిరుగుతూ ఉంటుంది. దుప్పటికి ఒక కొస నాది, ఇంకో కొస పిట్టది, ఇద్దరం ఒకేసారి అందించాలి. రోలరు ముందు అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే రోలరు ఆగిపోతుంది. ఆసుపత్రి దుప్పట్ల అంచులు మందం, అవి తగిలినా ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగుతుంటే పని వెనకబడుతోందని మేనేజరు గారు ఆ కడ్డీని పైకెత్తి తీగతో కట్టించేశారు. "కొంచెం చూసుకుని చేసుకోండమ్మా, దేవుడున్నాడు" అన్నారు.

దేవుడున్నాడు. కడ్డీ లేదు.

గురువారం ఒక దుప్పటి మడతపడింది. మడత సరిచేయడం ఆ పనిలో భాగమే, రోజూ చేసేదే. పిట్ట సరిచేసింది. నేను ఎర్ర బటన్ కొట్టాను. కొట్టేలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఇక రాయను.

జూన్ 10, మంగళవారం

ఈ రోజు కూడా కోపం లేదు. గిన్నె ఒకటి సొట్టపోయింది. దానంతట అదే జారి గోడకి తగిలింది.

జూన్ 12, గురువారం

మేనేజరు గారు ఇంటికొచ్చారు. సంచీ నిండా పళ్లు తెచ్చారు. నిజం రాయాలి కదా, ఆయన చెడ్డమనిషి కాదు. పిట్టని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం కావాలంటే తనే ఇచ్చారు. మా ఆయన మంచాన పడ్డ ఏడాది నాకు లాండ్రీలో పని ఇచ్చిందీ ఆయనే. మా చర్చికి ఆయన సంఘ పెద్ద. లాండ్రీలో సగం మంది చర్చివాళ్లే, ఆయన పిలిచి పెట్టుకున్నవాళ్లే. రోజూ పని మొదలయ్యే ముందు రోలరు దగ్గరే నిలబడి ప్రార్థన చేయిస్తారు.

కుర్చీ అంచున కూర్చున్నారు. పిట్ట కట్టు వైపు ఒక్కసారి చూసి, తర్వాత పళ్ల సంచీనే చూస్తూ మాట్లాడారు.

"ఏమరుపాటు ఎవరికైనా జరుగుతుందమ్మా. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కూడా అదే చెప్పాను. అమ్మాయి మంచిది, ఆ ఒక్క క్షణం ఏమరింది, అంతేనన్నాను. నీ మీద ఎవరికీ కోపం లేదు."

"కడ్డీ కట్టేసి ఉన్న సంగతి చెప్పారా సార్?" అన్నాను.

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు.

"ఏ కడ్డీ అమ్మా?" అన్నాడు.

అన్నారు.

కాదు, అన్నాడు. ఇది నా డైరీ.

తర్వాత ఆ గొంతుతోనే ప్రార్థన చేశాడు. పిట్ట కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, "ఈ బిడ్డ చేతిని ముట్టు ప్రభువా" అంటున్నాడు. నిజంగానే అడుగుతున్నాడు. నాకు ఒళ్లు మండింది అందుకే. నటన అయితే ఇంత బాధ ఉండేది కాదు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు ప్రసంగం యేసుప్రభువు సాత్వికం గురించి. పాస్టరు గారు నాలుగు వైపులా చూస్తూ మాట్లాడే మనిషి, ఈ రోజు మా బెంచీ వైపే చూశారు. నేనూ చూశాను. ఎవరు ముందు తల తిప్పుకుంటారా అని. ఆయనే తిప్పుకున్నారు.

బయటికొస్తుంటే వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుంది. "ప్రభువు ఎన్నడైనా నోరెత్తాడా సిస్టర్? గొర్రెపిల్లలా తల వంచుకున్నాడు. మనమూ ఆ గుణమే నేర్చుకోవాలి."

"గొర్రెపిల్లని ఎవరు సిలువ వేస్తారండీ అమ్మగారూ?" అన్నాను. "ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టనివాణ్ణి ఎవరైనా అంత కష్టపడి చంపుతారా?"

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మా ఆయన దారిపొడుగునా నాకు రెండడుగులు ముందే నడిచారు.

మేనేజరు గదిలో ఒక పటం ఉంది. ప్రభువు గొర్రెపిల్లని ఎత్తుకుని ఉంటాడు. ఆ చేతులు చూస్తే నాకు ఎప్పుడూ అనుమానమే. తెల్లగా, నున్నగా, గోళ్లు మెరుస్తూ. చిన్నతనం నుంచీ వడ్రంగం చేసిన మనిషి చేతులు అలా ఉంటాయా? ఒక్క మచ్చ లేదు, ఒక్క కాయ కాయలేదు, ఉలి జారి తెగిన గీత ఒక్కటి లేదు. ఆ పటం గీసినవాడు ఆయన్ని పనిలోంచి తీసేసి గీశాడు. మా రోలరు దగ్గర ఒక్క వారం నిలబడితే చాలు, ఆ చేతులు కూడా మా చేతుల్లాగే అయిపోతాయి.

జూన్ 17, మంగళవారం

పనికి వెళ్లాను. కడ్డీ కిందికి దిగి ఉంది. తీగ కట్టిన ఆనవాలు కూడా లేకుండా రంగు వేశారు. ఇన్‌స్పెక్టర్ ఆఫీసు అధికారి చూసి వెళ్లిందట. పిట్ట స్థానంలో కొత్తావిడ నిలబడింది. ఇద్దరు పిల్లల తల్లి, మొదటి రోజు కదా, దుప్పటి కొస అందుకోవడానికి కూడా నా మొహం చూస్తోంది.

పోనీలే, కడ్డీ దిగింది కదా అనుకున్నాను. అంతే చాలు అనుకున్నాను. నేను పట్టుదల మనిషిని కాను.

జూన్ 19, గురువారం

మళ్లీ కట్టేశారు.

జూన్ 20, శుక్రవారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

మెకానిక్‌ని నిలదీశాను. చర్చిలో డ్రమ్ము వాయించేది కూడా అతనే. "ఎవరు కట్టమన్నారు?" అంటే నేల చూపులు చూశాడు. "నన్నెందుకక్కా ఇందులోకి లాగుతావ్? నాకేం తెలీదు. చెప్పింది చేసేవాణ్ణి" అన్నాడు. మధ్యాహ్నం తిండి దగ్గర ఆడవాళ్లందరి ముందూ అన్నాను, గట్టిగానే అన్నాను. "కడ్డీ కట్టించింది మేనేజరు. పిట్టది ఏమరుపాటు అని చెప్పింది మేనేజరు. అది అబద్ధం. అబద్ధాన్ని ప్రార్థనతో మొదలుపెట్టినా అబద్ధమే." అందరూ రొట్టె నములుతూ నేల చూశారు. కొత్తావిడ ఒక్కతే తన చేతుల వైపు చూసుకుంది.

ఆ మాట సాయంత్రంలోపే చర్చికి చేరింది. పాస్టరు గారు ఇంటికే వచ్చారు.

"పెద్దగారి మీద అభియోగం మోపావట. ఇది మనస్పర్థ కిందికి వస్తుందమ్మా. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. దానికి ముందు మీరు చెయ్యి కలపాలి."

మా చర్చిలో ఇదొక పద్ధతి. ఇంకే చర్చిలోనూ ఉన్నట్టు వినలేదు. గొడవపడ్డవాళ్లు బల్ల ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా కుడిచేతులు కలపాలి. కలపకపోతే రొట్టె, ద్రాక్షరసం ఇద్దరికీ లేవు. వెనకటి పాస్టరు గారు పెట్టారు. ప్రహరీగోడ కోసం కొట్టుకునే అన్నదమ్ములు ఇద్దరుండేవారట, వాళ్లని దారిలో పెట్టడానికి. అన్నదమ్ములు చెయ్యి కలిపారు, గోడ మాత్రం కూలగొట్టలేదు. అదింకా అక్కడే ఉంది. ఆ దారినే చర్చికి వెళ్తాం.

"నిజం చెప్పమనండి అయ్యగారూ, చెయ్యేంటి, కాళ్లు కడుగుతాను" అన్నాను.

"నిజాలు తర్వాత. ముందు సమాధానపడాలి. నీ మూలంగా అంత పెద్దమనిషి బల్లకి దూరం కావాలా? యేసు నీ స్థానంలో ఉంటే ఏం చేసేవాడో ఆలోచించుకో."

సరే. ఆలోచిస్తాను. పిట్ట లోపలి గదిలోంచి అంతా విన్నది. ఏమీ అనలేదు. అది ఎప్పుడూ ఏమీ అనదు, అందుకే నేను అనాల్సి వస్తోంది.

జూన్ 22, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. కాలు బెణికిందని చెప్పించాను. బెణకలేదు.

ఆలోచించమన్నారు కదా, ఆలోచించాను. దేవాలయంలో వ్యాపారుల బల్లలు తిరగేసినప్పుడు ప్రభువు ముందుగా తాళ్లు తీసుకుని కొరడా పేనాడు. చిన్నప్పటి నుంచీ విన్న సంగతే, ఈ రోజు ఆగి చూశాను. తాళ్లు పేనడం చిటికెలో అయ్యే పనా? కూర్చుని, పాయలు కలిపి, ముడి వేసి, లాగి చూసుకుని ఉంటాడు. అంతసేపూ ఆ కోపం చల్లారలేదు. ఆవేశంలో జరిగింది అనడానికి లేదు. నేను గిన్నె విసిరినట్టు కాదు.

(గిన్నె నేనే విసిరాను. సరే.)

ఇంకొకటి. విచారణ రోజున బంట్రోతు ఒకడు ఆయన చెంప మీద కొట్టాడు. రెండో చెంప చూపించమని మాకు చెప్పే పాస్టరు గారు, ఆ రోజు ఆయన ఏం చేశాడో ఎప్పుడూ చెప్పరు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేదో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని అడిగాడు. చేతులు కట్టేసి ఉన్నా అడిగాడు. తిరిగి కొట్టలేదు, పోనీలే అనీ అనలేదు. నేనూ అదే అడుగుతున్నాను. ఆ అమ్మాయి ఏమరితే ఎక్కడ ఏమరిందో చూపించు.

ఆయన నా పక్షమే. నాకు అనుమానమే లేదు.

జూన్ 23, సోమవారం

ఒక చిక్కు వచ్చిపడింది. పన్నులు పీడించి వసూలు చేసిన ఆ పొట్టిమనిషి చెట్టెక్కి కూర్చుంటే, ప్రభువు కిందికి దిగు, ఈ పూట నీ ఇంట్లో ఉంటానన్నాడు కదా. ఊరంతా సణిగింది. ఊళ్లో ఉంటే నేనూ సణిగేదాన్ని. అందరికంటే గట్టిగా సణిగేదాన్ని.

మేనేజరు ఇంటికి కూడా భోజనానికి వెళ్తాడేమో. వెళ్తాడు. ఆయన గుణమే అది, నాకు నచ్చని గుణం. ఇది రాసినందుకు పిడుగు పడితే పడనీ.

కానీ ఆ భోజనం దగ్గర ఆ పొట్టిమనిషి లేచి, నేను అన్యాయం చేశానని నలుగురిలో ఒప్పుకున్నాడు. ఒప్పుకోకముందే చెయ్యి కలిపి ఫోటో దిగలేదు.

జూన్ 25, బుధవారం

చెయ్యి కలిపే ఆదివారం ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకుంటున్నాను. స్నానాల గదిలో సాధన చేస్తుంటే మా ఆయన తలుపు కొట్టారు.

"లోపల ఎవరితో?"

"ప్రభువుతో."

"ఆయన్నెందుకు అలా తిడుతున్నావ్?"

నాకు నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది. ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. అంతలోనే ఆయన మొహం మారిపోయింది. "నీ మాట తప్పనడం లేదు. కానీ నేను మంచంలో ఉన్నప్పుడు మన గుమ్మం తొక్కింది ఆయనొక్కడే. అది కూడా చెప్తావా అందరి ముందూ?"

"చెప్తాను."

"చెప్పవు. నాకు తెలుసు నీ సంగతి."

సాధన చేసిన ప్రసంగంలో ఆ మాట ఎక్కడా లేదు. మళ్లీ మొదటి నుంచీ చేయాలి.

జూన్ 28, శనివారం

ఈ రోజు జరిగింది రాయడానికి ఇష్టం లేదు. రాస్తాను.

పిట్టకి ఒంటిచేత్తో జడ వేసుకోవడం కుదరదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నేనే వేస్తున్నాను. పొద్దున జడ వేస్తూ, చెయ్యి కలిపే ఆదివారం నేను మాట్లాడబోయేదంతా దానికి వినిపించాను. కొరడా సంగతి, చెంపదెబ్బ సంగతి, మా ఆయన అన్నందుకు మంచం సంగతి కూడా. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అయ్యాక, "ఎలా ఉంది?" అన్నాను.

"జుట్టు పీకేస్తున్నావ్ వదినా" అంది.

చూసుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎప్పటి నుంచి నొప్పి పుడుతోందో.

"చెప్పొచ్చు కదే."

"నువ్వు ఆగితే కదా చెప్పడానికి. అన్నయ్య ఒక పక్క, అయ్యగారు ఒక పక్క, నువ్వు ఒక పక్క. అందరూ నా చెయ్యి గురించే మాట్లాడుతున్నారు. నన్ను ఎవరైనా అడిగారా?"

దువ్వెన పక్కన పెట్టేశాను. దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ దాని కంటే ఎత్తులో కూర్చునే మాట్లాడానని అప్పుడు తట్టింది.

"ఏం కావాలే నీకు?" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. నా నాలుక కొరుక్కున్నాను, అక్షరాలా కొరుక్కున్నాను, ఇప్పటికీ మంటగా ఉంది.

"ఆ కడ్డీ దిగాలి. మళ్లీ ఎక్కకూడదు. ఆ కొత్తావిడకి నా గతి పట్టకూడదు."

"ఇంకా?"

"నేను ఏమరలేదు వదినా. ఆ రోజు నేను ఏమరలేదు. అందరూ పోనీలే, ఏమరుపాటు, అని జాలిపడుతున్నారు. రోజూ వింటుంటే నిజంగానే ఏమరానేమో అనిపిస్తోంది నాకే. ఆ మాట ఆయన నోటితోనే పోవాలి." దువ్వెన తన చేతిలోకి తీసుకుని అంది, "నువ్వు మాట్లాడొద్దు. నేనే మాట్లాడతాను."

"నీకు నలుగురిలో గొంతు లేవదు కదే?"

"లేవకపోతే వాళ్లే దగ్గరికొచ్చి వింటారు."

గుడ్డివాడు ఒకడు దారిపక్కన కూర్చుని అరుస్తుంటే ప్రభువు ఆగి, నేను నీకేం చేయాలి అని అడిగాడు. వాడికి కావలసింది చూపు అని దారినపోయే ప్రతివాడికీ తెలుసు. ఆయనకి తెలియదా? అయినా అడిగాడు. వాడు నోరు తెరిచి చెప్పేదాకా ఆగాడు. ఇన్నాళ్లూ నేను బల్లలు తిరగేసినవాణ్ణి, ఎదురు ప్రశ్నించినవాణ్ణి నా పక్షాన నిలబెట్టుకున్నాను. అడిగి ఆగినవాడు నాకు గుర్తే రాలేదు.

నాకు కోపం ఉంది. చాలా ఉంది. ఇన్నాళ్లూ పిట్ట చేతిని చూసుకున్న దానికంటే నా కోపాన్నే బాగా చూసుకున్నాను.

జూలై 1, మంగళవారం

ఆసుపత్రిలో పిట్ట కట్టు పూర్తిగా విప్పేశారు. ఇంట్లో ఉన్నప్పుడు గాలి తగలనివ్వమన్నారు, బయటికి వెళ్తే మెత్తటి గుడ్డ చుట్టుకోమన్నారు. చిటికెనవేలు, దాని పక్కవేలు ఇక చాపడం కుదరదట. పిట్ట చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. నేను కూడా చూశాను. మా ఆయన నీళ్లు తాగుతానని బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

జూలై 4, శుక్రవారం

సోమవారం ఇన్‌స్పెక్టరమ్మ మా వాంగ్మూలాలు తీసుకోవడానికి వస్తుందట. మేనేజరు గారు పొద్దున ప్రార్థన అయ్యాక ఆ సంగతి చెప్పారు. "అందరూ ఒక్క మాట మీద ఉందాం" అన్నారు. నా వైపు చూడలేదు. కడ్డీ రేపో ఎల్లుండో దింపుతారు, ఆవిడ వెళ్లగానే మళ్లీ ఎక్కుతుంది.

పిట్ట ఆదివారం ఏం చెప్పబోతోందో నాకు తెలియదు. అడగలేదు. అడగకుండా ఉండటానికి నేను ఎంత యాతన పడుతున్నానో ఆ పైవాడికే తెలియాలి.

జూలై 6, ఆదివారం, మధ్యాహ్నం

చర్చి నుంచి రాగానే రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా పరవాలేదు.

పొద్దున పిట్ట మామూలుగానే లేచింది. జడ వేయించుకుంది, చేతికి తెల్లగుడ్డ చుట్టించుకుంది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునేవాళ్లం, ఈ రోజు తను నేరుగా ముందు బెంచీకి నడిచింది. మేమిద్దరం వెనకాలే వెళ్లాం. మా ఆయన కాలు ఆడిస్తూనే ఉన్నారు.

పాటలయ్యాయి, ప్రసంగం అయింది. బల్ల మీద రొట్టె, గిన్నె గుడ్డ కింద ఉన్నాయి. పాస్టరు గారు లేచారు. "మన పెద్దగారికీ ఒక కుటుంబానికీ మధ్య చిన్న మనస్పర్థ వచ్చింది. ప్రేమతో ముందుకు రావాలని కోరుతున్నాను" అన్నారు. మేనేజరు గారు వచ్చారు. పిట్ట లేచింది, నేనూ లేచాను. ఆయన నాకు చెయ్యి చాచారు. ఎంత ఓర్పుగా చాచారంటే, నాకు ఆ క్షణంలో ఆ బల్ల నిజంగానే తిరగేయాలనిపించింది.

"ముందు మా ఆడపడుచు అండీ" అని పక్కకి తప్పుకున్నాను. నేను పక్కకి తప్పుకోవడం ఆ చర్చిలో ఎవరూ చూసి ఉండరు.

పిట్ట గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. ఒంటిచేత్తో విప్పడం ఆలస్యమవుతోంది. సాయం చేయబోతే తల అడ్డంగా ఊపింది. విప్పి, ఆ గుడ్డని పొట్టకి ఆనించుకుని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చింది. లాండ్రీ మనిషి, ఉండచుట్టి ఇవ్వదు. అప్పుడు కుడిచెయ్యి చాచింది. ఎర్రగా మెరుస్తున్న తోలు, లోపలికి వంగిపోయిన రెండు వేళ్లు. వెనక ఎవరో అయ్యో అన్నారు.

మేనేజరు గారి చెయ్యి గాల్లోనే ఆగింది. "ఆ చెయ్యి ఇవ్వమ్మా, ఎడమది. నొప్పి పుడుతుంది."

"కుడిచెయ్యే కలపాలి కదా సార్" అంది. ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది.

ఆయన మెల్లగా దాని ముంజేతిని పట్టుకున్నారు, మచ్చ లేనిచోట.

"అక్కడ కాదు సార్. అక్కడ నాకేం కాలేదు."

ఆయన వదిలేశారు. పిట్ట మళ్లీ మాట్లాడింది. దాని గొంతు ఎప్పటిలాగే చిన్నది. ముందు బెంచీలవాళ్లు వినడానికి ముందుకి వంగారు, వాళ్లని చూసి వెనకవాళ్లు లేచి నిలబడ్డారు.

"నేను ఏమరుపాటుగా ఉన్నానా సార్?"

"సిస్టర్, ఇది సమయం కాదు" అన్నారు పాస్టరు గారు. "ముందు చెయ్యి కలిపితే..."

"నేను చాచే ఉన్నానండీ. ఆయనే పట్టుకోవడం లేదు."

మేనేజరు గారు ఆ చేతినే చూస్తున్నారు. మా ఇంట్లో పళ్ల సంచీ చూసినట్టు పక్కకి చూడటానికి ఇక్కడ ఏమీ లేదు. ఆయన పెదాలు కదిలాయి. ప్రార్థన మొదలుపెడతాడేమోనని నేను భయపడ్డాను.

"నువ్వు ఏమరలేదమ్మా" అన్నారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"గట్టిగా చెప్పండి సార్. రోలరు దగ్గర పనిచేసేవాళ్లు వెనక బెంచీల్లో ఉన్నారు."

ఆయన సంఘం వైపు తిరిగారు. రోజూ మాకు ప్రార్థన చేయించే గొంతుతోనే అన్నారు. "ఈ అమ్మాయి ఏమరలేదు. కడ్డీ కట్టించింది నేను. జరిగాక దింపించి, మళ్లీ కట్టించిందీ నేనే." డ్రమ్ము దగ్గర మెకానిక్ తల చేతుల్లో పెట్టుకున్నాడు. కొత్తావిడ నిలబడే ఉంది.

"రేపు ఇన్‌స్పెక్టరమ్మకి కూడా ఇలాగే చెప్తారా?"

"ఇలాగే చెప్తాను."

"కడ్డీ?"

"ఇక్కడి నుంచి నేరుగా వెళ్లి దింపుతాను. ఇక ఎక్కదు."

పాస్టరు గారు ప్రార్థన కోసం చేతులెత్తారు, మళ్లీ ఎందుకో దించేసుకున్నారు. పిట్ట చెయ్యి అంతసేపూ చాచే ఉంది.

"ఇప్పుడు పట్టుకోండి సార్" అంది.

ఆయన పట్టుకున్నారు. ఈసారి కాలిన చోటే.